ట్యూబు ముందా, ఆపరేషన్ ముందా?

(కావలిలో ఆర్‌ఎంపీలు, నర్సులు, మందుల షాపుల వాళ్లు, పేషెంట్ల బంధువులు కూడిన ఒక సభలో సర్జికల్ గ్యాస్ట్రో డాక్టరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి మైకు వినపడతా ఉందా? సరే.

మన వైపు కామెర్లు అంటే ముందు గుర్తొచ్చేది పసరు. ఉదయగిరి అవతల ఫలానా ఊళ్లో మంచి పసరు పోస్తారని ఒకరు చెబుతారు. కనిగిరి పక్కన చేతికి వాత పెడితే ఇట్టే దిగిపోతాయని ఇంకొకరు. ఇక ఇంట్లో ఉప్పు బంద్, నూనె బంద్, చప్పిడి కూడు. పసరు తాగినవాళ్లలో చాలామందికి తగ్గుతుంది కూడా. వాళ్లకు వచ్చింది ఎక్కువగా హెపటైటిస్ ఏ, హెపటైటిస్ ఈ లాంటి వైరస్ కామెర్లు కాబట్టి, కొన్ని వారాల్లో వాటంతట అవే దిగుతాయి. పేరు మాత్రం పసరుకొస్తుంది. దాని మీద ఇవాళ గొడవ పెట్టుకోను. నేను చెప్పబోయేది వేరే రకం: పిత్తం పోయే దారిలో క్యాన్సర్ గడ్డ అడ్డుపడి వచ్చే కామెర్లు. వీటికి పసరు పనిచేయదు సరికదా, ఆ పత్యంలో పోయే నెలన్నర మనకు మళ్లీ దొరకదు.

ఈ మనిషిని మీరు గుర్తుపట్టగలగాలి, ఎందుకంటే నాకన్నా ముందు చూసేది మీరే. యాభై దాటిన మనిషి. నొప్పి లేదు, జ్వరం లేదు. కళ్లు పచ్చబడ్డాయి, రోజురోజుకీ పెరగడమేగానీ తగ్గడం లేదు. మూత్రం ముదురు రంగు. మలం మాత్రం పాలిపోయి తెల్లమట్టి రంగు. ఒళ్లంతా దురద, రాత్రయితే మరీ ఎక్కువ. చొక్కా పైకెత్తి చూస్తే నడుము మీదా భుజాల మీదా గోకిన గాట్లు. వీపు నడిమధ్యలో గాట్లుండవు, అక్కడికి చెయ్యి అందదు కదా. బరువు తగ్గాడు. కొందరికి ఈమధ్యే కొత్తగా షుగర్ బయటపడి ఉంటుంది. కుడి పక్కటెముకల కింద చెయ్యి పెడితే ఉబ్బిన పిత్తాశయం తగులుతుంది, నొక్కినా నొప్పి అనడు. కామెర్లున్న మనిషికి ఇలా తగిలితే అది రాళ్ల వల్ల కాకపోవచ్చని స్విట్జర్లాండ్ సర్జన్ కుర్వాజియే 1890లోనే రాశాడు. ఆయనకు అల్ట్రాసౌండ్ లేదు, సీటీ లేదు. చెయ్యి పెట్టి చూసి చెప్పాడు. ఇప్పుడు మనం రిపోర్టు చూసి చెబుతున్నాం, చెయ్యి పెట్టడం మానేశాం.

అన్నీ క్యాన్సర్లే అని భయపెట్టడం లేదు. నాళంలో రాయి ఇరుక్కున్నా కామెర్లు వస్తాయి, దానికి సాధారణంగా నొప్పి ఉంటుంది. కొందరికి క్లోమం వాచి అచ్చం గడ్డలాగే కనిపిస్తుంది, స్టెరాయిడ్‌కు కరిగిపోతుంది. అవన్నీ తేల్చుకునే పని మాది.

ఇప్పుడు బొమ్మ గీస్తాను చూడండి. పంగల కర్ర తెలుసు కదా, చిన్నప్పుడు రబ్బరు కట్టి మామిడికాయలు కొట్టామే, అది. నిటారుగా పట్టుకోండి. పైన రెండు కొమ్మలు: లివర్ కుడి భాగం నుంచి ఒకటి, ఎడమ భాగం నుంచి ఒకటి. రెండూ కలిసేచోటు పంగ. కింద పిడి, అంటే పెద్ద పిత్తనాళం. ఆ పిడి చివర క్లోమం తలలోంచి దూరి వెళ్లి చిన్నపేగులో తెరుచుకుంటుంది. లివర్ రోజుకు సుమారు 600 నుంచి 1000 మిల్లీలీటర్ల పిత్తం తయారుచేసి ఈ దారిలోనే పంపుతుంది.

గడ్డ పిడి చివర రావచ్చు. క్లోమం తలలో రావచ్చు, నాళం చివర రావచ్చు, పేగులోకి తెరుచుకునే బొడిపె దగ్గర రావచ్చు. దీన్ని కింది అడ్డు అందాం. లేదా పంగ దగ్గరే రావచ్చు. 1965లో అమెరికాలో గెరాల్డ్ క్లాట్‌స్కిన్ అనే డాక్టరు ఇలాంటివి 13 కేసులు వర్ణించి రాశాడు, అందుకే క్లాట్‌స్కిన్ ట్యూమర్ అంటాం. పిత్తాశయం క్యాన్సర్ పాకి వచ్చి ఈ పంగనే పట్టుకోవడమూ ఉంది. దీన్ని పై అడ్డు అందాం.

ఈ రెండూ కామెర్లే. బయటికి మనిషి ఒకేలా కనిపిస్తాడు, బిలిరుబిన్, అంటే రక్తపరీక్షలో కామెర్లను కొలిచే అంకె, ఒకటే ఉండొచ్చు. కానీ చేసే ఆపరేషన్ వేరు, ఆపరేషన్‌కు ముందు పిత్తం పోవడానికి నాళంలో ట్యూబు వేయాలా వద్దా అన్న లెక్క వేరు, వేస్తే ఏ దారిన వేయాలన్నది వేరు. ఈ తేడా తేల్చకుండా వేసే ప్రతి ట్యూబూ చీకట్లో వేసినట్టే.

అసలు ట్యూబు ఎందుకు? కామెర్లతో ఉన్న మనిషికి పెద్ద ఆపరేషన్ చేయడం సర్జన్లకు ఎప్పటినుంచో భయమే. పిత్తం పేగులోకి రాకపోతే విటమిన్ కె ఒంటికి పట్టదు. విటమిన్ కె లేకపోతే లివర్ రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలను సరిగా తయారుచేయలేదు, రక్తం ఆగదు. కిడ్నీలు దెబ్బతింటాయి, ఇన్ఫెక్షన్ తట్టుకునే శక్తి తగ్గుతుంది, పుండు మానదు. 1935లో అలెన్ విపుల్ తన పేరుతో ఇప్పుడు మనం చెప్పుకునే, కింది అడ్డు గడ్డను క్లోమం తలతో సహా తీసే ఆపరేషన్ గురించి రాసినప్పుడు దాన్ని ఒక్క దఫాలో చేయలేదు. ముందు పిత్తానికి దారి మళ్లించి కామెర్లు దింపి, ఆ తర్వాత మళ్లీ కోసి గడ్డ తీశాడు. 1980 ప్రాంతంలో ఎండోస్కోపీ ద్వారా నాళంలో ప్లాస్టిక్ గొట్టం పెట్టడం మొదలైంది. కోత లేకుండానే కామెర్లు దిగుతున్నాయి. ఆ గొట్టాన్నే స్టెంట్ అంటాం. ఇంకేముంది, అందరికీ స్టెంటే. ముందు కామెర్లు దించు, తర్వాత ఆపరేషన్ చెయ్. వినడానికి తర్కం బాగానే ఉంది. ముప్ఫై ఏళ్లు అందరూ అదే చేశారు.

2010లో నెదర్లాండ్స్ వాళ్లు, అంటే డచ్ వాళ్లు, దీన్ని పరీక్షకు పెట్టారు. క్లోమం తల దగ్గర గడ్డ, బిలిరుబిన్ సుమారు 2.3 నుంచి 14.6 మధ్య ఉన్న 202 మందిని తీసుకుని, చీటీలు తీసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు వారంలోపు నేరుగా ఆపరేషన్. రెండో జట్టుకు ముందు ఈఆర్‌సీపీ చేసి, అంటే నోట్లోంచి ఎండోస్కోపు పంపి పిత్తనాళంలోకి వెళ్లి, స్టెంట్ వేసి, నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి ఆపరేషన్. తీవ్రమైన ఇబ్బందులు ఎందరికి వచ్చాయో లెక్క తీస్తే, నేరుగా ఆపరేషన్ చేసినవాళ్లలో 39 శాతం. ముందు స్టెంట్ వేసినవాళ్లలో 74 శాతం. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ అదనపు ఇబ్బందులు ప్రధానంగా స్టెంట్ వల్లే వచ్చాయి. స్టెంట్ మూసుకుపోవడం, నాళంలో ఇన్ఫెక్షన్, క్లోమం వాపు, మళ్లీ మళ్లీ ఈఆర్‌సీపీ.

ఎందుకలా? అడ్డుపడి నిలిచిపోయినా, క్యాన్సర్ అడ్డులో ఆ పిత్తంలో మామూలుగా సూక్ష్మక్రిములు ఉండవు. ఒక్కసారి పేగు నుంచి నాళంలోకి గొట్టం పెట్టామంటే పేగులోని క్రిములకు మెట్లు వేసినట్టే. గొట్టం తెరిచి ఉన్నంతసేపూ పరవాలేదు. మూసుకుందా, లోపల చీము.

కాబట్టి కింది అడ్డు, బిలిరుబిన్ పది, పన్నెండు, మనిషి గట్టిగా ఉన్నాడు, ఆపరేషన్ వెంటనే దొరుకుతుంది అంటే స్టెంట్ వద్దు. విటమిన్ కె ఇంజక్షన్ వేసి, ఐఎన్‌ఆర్, అంటే రక్తం గడ్డకట్టే తీరు చెప్పే పరీక్ష, సరిచూసుకుని, నేరుగా ఆపరేషన్‌కు పోవడమే మేలు. ఇది ఇప్పుడు దాదాపు అందరూ ఒప్పుకున్న మాట.

అయితే ఇక్కడే అసలు చిక్కు. 'వెంటనే దొరుకుతుంది' అన్నాను. నెదర్లాండ్స్‌లో వారం అంటే వారమే. మన దగ్గర? కొండపి దగ్గర పల్లె నుంచి ఒక పొగాకు రైతు వచ్చాడనుకోండి. ముందు ఒంగోలులో స్కానింగ్. వాళ్లు నెల్లూరు పొమ్మంటారు, లేకపోతే గుంటూరు. నెల్లూరులో చూపించాక బంధువుల్లో ఎవరో మద్రాసు అంటారు, ఇంకొకరు వేలూరు అంటారు, తిరుపతి స్విమ్స్ అనేవాళ్లూ ఉంటారు. ఎక్కడికి పోవాలో తేలడానికి వారం. వైద్యసేవ కార్డు కాగితాలు, గుండె పరీక్ష, షుగర్ అదుపు, రక్తం ఏర్పాటు. వేలం నుంచి పొగాకు డబ్బులు రావాలి. ఆ తర్వాత మంచిరోజు. నవ్వకండి, ఆ మంచిరోజు కోసం పన్నెండు రోజులు ఆగిన కుటుంబాలు నాకు తెలుసు. ఈలోపు బిలిరుబిన్ పది నుంచి ఇరవై రెండు. అప్పుడు స్టెంట్ వేయక తప్పదు. మన వైపు వేసే స్టెంట్లలో సగం గడ్డ కోసం కాదు, ఆలస్యం కోసం వేస్తున్నామని నా అభిప్రాయం. ఆ సగాన్ని తగ్గించడం డాక్టరు కన్నా ఈ గదిలో ఉన్నవాళ్ల చేతిలో ఎక్కువ ఉంది.

నిజంగా స్టెంట్ కావాల్సినవాళ్లు ఉన్నారు. చలితో జ్వరం వస్తే, అంటే నాళంలో చీము పడితే, ఇక చర్చ లేదు, పిత్తాన్ని వెంటనే బయటికి తీయాలి. బిలిరుబిన్ పదిహేను దాటితే ఆలోచించాల్సిందే, ఎందుకంటే అంత ఎక్కువ ఉన్నవాళ్లను ఆ డచ్ పరీక్షలో తీసుకోలేదు, వాళ్లకు ఆ ఫలితం వర్తించదు. ఆపరేషన్ కన్నా ముందు కీమో ఇవ్వాల్సి వస్తే స్టెంట్ తప్పదు, కామెర్లతో కీమో మందులు ఇవ్వలేం. క్లోమం క్యాన్సర్‌లో ముందు కీమో ఇవ్వడం ఈమధ్య పెరుగుతోంది కాబట్టి వీళ్ల సంఖ్యా పెరుగుతోంది. కిడ్నీ దెబ్బతింటున్నా, దురదతో రాత్రిళ్లు నిద్ర లేకపోయినా వేస్తాం.

వేయాల్సి వస్తే ఏది? ప్లాస్టిక్‌దా, మెటల్‌దా? ఇదిగో, చేతిలోకి తీసుకుని ముందు వరుస నుంచి వెనక్కి పంపండి. వాడినవి కావు, భయపడకండి. ఈ నీలంరంగుది ప్లాస్టిక్. పది ఫ్రెంచ్ అంటారు, అంటే వెడల్పు మూడున్నర మిల్లీమీటర్ల లోపే. బాల్‌పెన్ రీఫిల్‌తో పోల్చుకుంటే కొంచెం లావు. ఈ జల్లెడలా ఉన్నది మెటల్. నలిపితే ముడుచుకుంటుంది, వదిలితే తెరుచుకుని పది మిల్లీమీటర్లు. వెడల్పు మూడింతలైతే లోపలి దారి తొమ్మిదింతలు. ప్లాస్టిక్‌ది సగటున మూడు నెలల్లో మూసుకుపోతుంది, ఒక్కోసారి మూడు వారాలకే. అదే డచ్ వాళ్లు 2016లో మెటల్ స్టెంట్ ఫలితాలను పాత ప్లాస్టిక్ ఫలితాలతో పోల్చి చూశారు. స్టెంట్‌కు సంబంధించిన ఇబ్బందులు ప్లాస్టిక్‌తో 46 శాతం, మెటల్‌తో 24. ఆపరేషన్‌తో కలిపి మొత్తం చూస్తే ప్లాస్టిక్ 74, మెటల్ 51, అసలు ఏదీ వేయకుండా నేరుగా ఆపరేషన్ 39. ఈ మూడు అంకెలు రాసుకోండి. మెటల్ మంచిదే, కానీ ఏదీ వేయకపోవడం ఇంకా మంచిది.

మెటల్ ఖరీదు చాలా ఎక్కువ, నిజమే. కానీ ప్లాస్టిక్ వేసి అది మూసుకుని, జ్వరంతో చేరి, ఐసీయూలో పడుకుని, ఇంకోసారి ఈఆర్‌సీపీ చేయించుకుంటే అయ్యే ఖర్చు ఎవరూ ముందు లెక్కవేయరు. మెటల్ స్టెంట్ వేస్తే తర్వాత ఆపరేషన్‌కు అడ్డం అని కొందరు అంటారు. పొట్టిది వేస్తే కాదు. మేము నాళాన్ని దానికి పైన కోస్తాం, స్టెంట్ గడ్డతోపాటు బయటికొస్తుంది. పొడవైనది పంగ దాకా వేస్తే మాత్రం మా తలనొప్పి.

ఇంకొక మాట. మీరు ఇంటికి పట్టుకుపోవాల్సింది ఒకే ఒక్కటైతే ఇదే: సీటీ ముందు, స్టెంట్ తర్వాత. పొదిలి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఒకచోట కామెర్లు చూడగానే ఈఆర్‌సీపీ చేసి స్టెంట్ వేశారు. సీటీ తీయలేదు. మూడో రోజుకు క్లోమం వాచింది. ఈఆర్‌సీపీ తర్వాత కొందరికి అలా అవుతుంది, ఎంత నిపుణుడు చేసినా అవుతుంది. తగ్గించడానికి మలద్వారంలో డైక్లోఫెనాక్ లేదా ఇండోమెథాసిన్ గుళిక పెడతాం. సరే, ఆయన నా దగ్గరికి వచ్చేసరికి తీసిన సీటీలో వాపు ఏదో, గడ్డ ఏదో తెలియడం లేదు. స్టెంట్ చుట్టూ నీడలు. గడ్డ రక్తనాళాన్ని పట్టుకుందా, వదిలేసి ఉందా? ఆపరేషన్ చేయవచ్చా లేదా అన్నది ఆ ఒక్క ప్రశ్న మీదే నిలబడుతుంది. దానికి జవాబు చెప్పే అవకాశం పోయింది. ఆరు వారాలు ఆగి మళ్లీ తీశాం. ఈఆర్‌సీపీ వేగంగా చేసినందుకు ఆ కుటుంబం అక్కడి డాక్టరుకు దండం పెట్టి వచ్చింది. నేనేం అనను? ఆయన సదుద్దేశంతోనే చేసి ఉంటాడు. సర్జన్‌తో ఒక్క ఫోన్ మాట్లాడి ఉంటే సరిపోయేది.

ఇక పై అడ్డు. ఇది కష్టమైన సబ్జెక్టు, డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. కాస్త ఓపిక పట్టండి.

పంగ దగ్గర గడ్డ ఉంటే ఆపరేషన్‌లో నాళం ఒక్కటే తీస్తే చాలదు. లివర్‌లో సగమో అంతకన్నా ఎక్కువో తీసేయాలి. మిగిలే ముక్క మనిషిని బతికించాలి. మామూలు లివర్ అయితే నాలుగో వంతు మిగిలినా నెట్టుకొస్తుంది. కామెర్లతో నానిన లివర్‌కు అది చాలదు, 30 నుంచి 40 శాతం కావాలి. అందుకే ఇక్కడ లెక్క తిరగబడుతుంది. కింది అడ్డులో ట్యూబు వద్దు అన్న నేనే, ఇక్కడ చాలామందికి కావాలంటాను. కానీ ఎక్కడ? మిగలబోయే ముక్కకు. కుడివైపు లివర్ తీయబోతుంటే ఎడమ నాళంలో ట్యూబు ఉండాలి. తీసి పారేసే వైపు పిత్తం తోడుకుంటూ కూర్చుని ప్రయోజనం లేదు. ఆ వైపు చీము పడితే మాత్రం తీయక తప్పదు. ఎడమ ముక్క చిన్నదిగా ఉంటే, పేగుల నుంచి లివర్‌కు రక్తం తెచ్చే పోర్టల్ రక్తనాళంలో కుడి వైపు వెళ్లే కొమ్మను మూసేస్తాం. రక్తమంతా ఎడమకు మళ్లి కొన్ని వారాల్లో అది పెరుగుతుంది. 1990లో జపాన్ సర్జన్ మకూచి బృందం దీన్ని వివరంగా రాసింది. లివర్ గొప్పతనం అది.

మరి ట్యూబు వేసే మనిషికి ఏ వైపు తీస్తారో తెలియాలా వద్దా? తెలియాలంటే సర్జన్ ముందే చూసి ఉండాలి, ఎంఆర్‌సీపీ అనే ఎంఆర్‌ఐ స్కాన్ తీసి ఉండాలి. ఎంఆర్‌సీపీలో సూది లేదు, గొట్టం లేదు, నాళాల మొత్తం మ్యాపు వచ్చేస్తుంది. మ్యాపు లేకుండా ఈఆర్‌సీపీలో రంగు మందు అన్ని కొమ్మల్లోకీ ఎక్కించేసి, ఒక కొమ్మకే స్టెంట్ వేసి వదిలేస్తే, మిగతా కొమ్మల్లో మందుతోపాటు క్రిములూ చేరి తిరిగిరాని చోట నిలిచిపోతాయి. మూడు నాలుగు చీముగడ్డలతో వచ్చిన కేసులు ఇలాంటివే.

దారులు మూడు. మొదటిది నోట్లోంచి, అంటే ఈఆర్‌సీపీ. రెండోది పక్కటెముకల మధ్య నుంచి సూదితో లివర్‌లోకి వెళ్లి, ఉబ్బిన నాళంలో క్యాథెటర్ పెట్టడం. దీన్ని పీటీబీడీ అంటారు, రేడియాలజిస్ట్ చేస్తాడు. మూడోది ముక్కులోంచి నాళం దాకా సన్నని గొట్టం, జపాన్ వాళ్లకు చాలా ఇష్టం. అందులో పిత్తం బయటికి కనపడుతుంది, ఎంత వచ్చిందో కొలవచ్చు, మూసుకుంటే వెంటనే తెలుస్తుంది, పేగులోంచి క్రిములు ఎక్కే అవకాశం తక్కువ. సైన్సుగా నాకూ నచ్చుతుంది. కానీ మూడు వారాలు ముక్కులో గొట్టంతో కూర్చోమంటే మనవాళ్లు రెండో రాత్రే పీకేస్తారు.

మొదటి రెండింటిలో ఏది మేలు? పంగ పైన గడ్డకు పీటీబీడీయే మేలు అని చాలాకాలం నమ్మాం. కావాల్సిన కొమ్మలోకే నేరుగా పోవచ్చు, పేగుతో సంబంధం లేదు. మళ్లీ నెదర్లాండ్స్ వాళ్లే పరీక్ష పెట్టారు, 2018లో ఫలితం వచ్చింది. 54 మంది, చెరి 27. మధ్యలోనే ఆపేశారు. ఎందుకంటే పీటీబీడీ జట్టులో 11 మంది చనిపోయారు, ఎండోస్కోపీ జట్టులో ముగ్గురు. 41 శాతానికి 11 శాతం. అది చూసి ప్రపంచమంతా ఉలిక్కిపడింది. అయితే పీటీబీడీ మానేద్దామా? ఆగండి. తీవ్రమైన డ్రైనేజీ ఇబ్బందులు రెండు జట్లలోనూ దాదాపు సమానం, 63, 67. ఎండోస్కోపీ జట్టులో సగానికి పైగా మందికి, 27లో 15 మందికి, అది సరిపోక తర్వాత పీటీబీడీ చేయాల్సి వచ్చింది. మరణాలన్నీ ట్యూబు వల్లే అని చెప్పలేం, చాలా వరకు ఆపరేషన్ తర్వాతవి. 54 మందితో ఇంత పెద్ద ప్రశ్న తేలదు. కానీ ఆ 11 మందిని కాదని పక్కనా పెట్టలేం.

నా పద్ధతి చెబుతాను, మీరు ఒప్పుకోవాలని లేదు. గడ్డ పంగకు కాస్త కిందే ఉండి రెండు కొమ్మలూ ఇంకా కలిసి ఉంటే ఎండోస్కోపీ. పంగ దాటి కొమ్మల్లోకి పాకి ఉంటే, చెయ్యి తిరిగిన రేడియాలజిస్ట్ ఉంటే, మిగలబోయే వైపు ఒక్క పీటీబీడీ. అక్కడ ఎవరి చెయ్యి మంచిదో చూసుకుని దారి ఎంచుకోవాలి, పుస్తకంలో ఏది ముందు రాశారో చూసి కాదు. పంగ దగ్గర ఆపరేషన్ చేయాలనుకున్న మనిషికి జల్లెడ లాంటి కప్పు లేని మెటల్ స్టెంట్ వేయకూడదు. కండలోకి పెరిగిపోతుంది, తీయలేం. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో కడుపులోంచో పేగులోంచో నాళంలోకి దారి చేసే పద్ధతీ వచ్చింది. 2001 నుంచి ఉంది, ఇప్పుడు చెన్నై, హైదరాబాద్ పెద్ద సెంటర్లలో బాగా చేస్తున్నారు. ఈఆర్‌సీపీ కుదరనప్పుడు అది మంచి ఆసరా.

పీటీబీడీకి ఇంకో మచ్చ ఉంది. సూది వెళ్లిన దారి వెంట క్యాన్సర్ కణాలు నాటుకోవచ్చు. అరుదే, కానీ ఉంది. రక్తం కారడం, ట్యూబు జారిపోవడం మాత్రం అరుదు కాదు.

నర్సమ్మలు ఇది వినండి. ట్యూబుతో ఇంటికి పంపిన మనిషిని మనం మర్చిపోతాం. చెన్నై నుంచి పినాకిని రైల్లో వస్తున్న ఒకాయనను చూశాను. ఆయనకు పీటీబీడీ ట్యూబు, దాని చివర పిత్తం పడే బ్యాగు ఉన్నాయి. బ్యాగు లుంగీకి అడ్డమొస్తుందని పైన చొక్కాలు తగిలించే కొక్కేనికి వేలాడదీశాడు. పాపం, శుభ్రంగా ఉండాలనే చేశాడు. పైనున్న బ్యాగులో పిత్తం ఎక్కడికి పోతుంది? వెనక్కి లివర్‌లోకే. గూడూరు దాటేసరికి వణుకు మొదలైంది. బ్యాగు ఎప్పుడూ నడుము కిందే ఉండాలి. పడుకున్నా అంతే, మంచం పట్టె కన్నా కింద. రోజూ ఎంత వచ్చిందో నోట్‌బుక్కులో రాయాలి. నిన్న 500 వచ్చి ఇవాళ 50 వచ్చిందంటే తగ్గిందని సంబరపడకండి, ట్యూబు మూసుకుంది లేదా జారింది. రక్తం రంగు వస్తే ఫోన్ చేయాలి. రోజూ అర లీటరు పైగా పిత్తం బయటికి పోతుంటే దాంతోపాటు ఉప్పులూ పోతాయి. చప్పిడి కూడు పత్యం ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్‌ఎస్, గుడ్డు, చేప, అన్నీ పెట్టండి. నెల్లూరు చేపల పులుసు మానమని నేనెప్పుడూ చెప్పలేదు, కారం మాత్రం తగ్గించుకోమన్నాను. ఆపరేషన్‌కు కావాల్సింది కండ ఉన్న మనిషి.

ఇక ప్రశ్నలు అడగండి.

*సార్, మా నాయనకు స్టెంట్ వేసి పది రోజులయింది. మూత్రం తెల్లగా వస్తా ఉంది, కళ్లు మాత్రం ఇంకా పచ్చగానే ఉండాయి. స్టెంట్ పనిచేయట్లేదా?*

మూత్రం తేలికపడిందంటే, మలం రంగు వచ్చిందంటే, దురద తగ్గిందంటే స్టెంట్ పనిచేస్తోంది. చాలా రోజులు అడ్డుపడి ఉంటే బిలిరుబిన్ కొంత రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌కు గట్టిగా అంటుకుంటుంది. అది కిడ్నీలోంచి పోదు, ఆల్బుమిన్ పాతబడేదాకా ఉంటుంది, రెండు మూడు వారాలు. కళ్లు చూసి కంగారుపడకండి, రోజూ రక్తపరీక్ష కూడా వద్దు. వారానికొకసారి చాలు.

*కామెర్లు పూర్తిగా తగ్గిపోతే ఇంక ఆపరేషన్ ఎందుకు సార్? మా మామ బాగా తింటున్నాడు, పొలం కూడా పోతున్నాడు.*

ఇదే నాకు భయం పుట్టించే ప్రశ్న. అమ్మా, స్టెంట్ పిత్తానికి దారి ఇచ్చింది, గడ్డను ఏమీ చేయలేదు. గడ్డ అక్కడే ఉంది. ఆకలేస్తోంది, బరువు పెరిగాడు కాబట్టి జబ్బు పోయిందనుకుని ఆగేవాళ్లు మూడు నెలలకు స్టెంట్ మూసుకుని వస్తారు, అప్పటికి గడ్డ రక్తనాళాన్ని పట్టేసి ఉంటుంది. బాగా తింటున్నాడంటే ఆపరేషన్‌కు సరైన సమయం వచ్చిందని అర్థం. మామను ఈ వారమే తీసుకురండి.

*బిలిరుబిన్ ఎంతకు దిగితే ఆపరేషన్ చేస్తారు?*

కింది అడ్డులో బిలిరుబిన్ పదిహేను లోపే ఉంటే అంకె దిగడం కోసం ఆగక్కర్లేదు, ఇందాకే చెప్పాను. పై అడ్డులో లివర్ పెద్ద ముక్క తీయాలంటే మూడు దగ్గరికి, వీలైతే ఇంకా కిందికి రావాలని చూస్తాం. దిగడం మరీ నిదానంగా ఉంటే ఆ ముక్క బలం మీద అనుమానం వస్తుంది.

*సార్, మాది సింగరాయకొండ దగ్గర, ఆర్‌ఎంపీని. స్టెంట్ వేసిన మనిషికి రాత్రి పూట చలిజ్వరం వస్తే ఇంజక్షన్ చేసి పొద్దునదాకా చూడొచ్చా?*

చూడొద్దన్నా. స్టెంట్ ఉన్న మనిషికి వణుకుతో జ్వరం వచ్చిందంటే మలేరియా, టైఫాయిడ్ ఆలోచన పక్కన పెట్టండి, స్టెంట్ మూసుకుందనే అనుకోండి. యాంటీబయాటిక్ వేస్తే రెండు గంటలు జ్వరం తగ్గినట్టుంటుంది, లోపల చీము అలాగే ఉంటుంది. ఆ చీము బయటికి రావాలి, అది మన క్లినిక్‌లో అయ్యే పని కాదు. పొద్దున్నే చూద్దామన్న మనిషికి తెల్లారేసరికి బీపీ పడిపోయి ఉంటుంది. సెలైన్ పెట్టి, 108 పిలిచి, ఈఆర్‌సీపీ చేసే చోటికి ముందే ఫోన్ చేసి పంపండి. చీటీ మీద మూడు సంగతులు రాయండి: స్టెంట్ ఎప్పుడు వేశారు, ప్లాస్టిక్‌దా మెటల్‌దా, రక్తం పలచబడే మాత్రలు ఏమైనా వాడుతున్నాడా. పాత సీటీ ఉంటే ఫిల్ము, సీడీ రెండూ మనిషితోపాటే పంపండి, ఇంటి బీరువాలో ఉంచి రావద్దు.